ఇడిస్తె బంద్ అయితది

ఇప్పుడు మీరు స్కానర్ చేతబట్టుకుని బండి దగ్గరికి వెళ్తారు. తీగ గుచ్చగానే బండి తన జబ్బేమిటో తానే చెప్పుకుంటుంది. మా రోజుల్లో బండికి నోరు లేదు. దాని తరఫున డ్రైవరు మాట్లాడేవాడు, ఆ మాటను మేము కార్డు మీద రాసుకునేవాళ్లం. ఆ రాసుకోవడంలో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. తప్పు గురించి చెబుతూ ఈయనకింత హుషారేమిటని అనుకోకండి. ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు బాగా లాభించిన తప్పు అదొక్కటే.

నేను విమానాలు బాగుచేసేవాణ్ణి కాదు. ఎయిర్‌పోర్టులో పనిచేశానంటే చుట్టాలందరూ అదే అనుకుని నన్ను చాలాకాలం గౌరవించారు. నేను విమానం చుట్టూ నేల మీద తిరిగే బండ్లకు ఎలక్ట్రీషియన్ని. నిచ్చెన బండ్లు, సామాను లాగే ట్రాక్టర్లు, నీళ్ల బండ్లు, ఇవీ నా పేషెంట్లు. నగరం మధ్య ఉన్న పాత విమానాశ్రయంలో చేరి, కొత్తది కట్టాక దానితోపాటే శంషాబాద్ వచ్చి పడ్డాను. మాది కృష్ణ ఒడ్డు. ఇన్నేళ్లు ఇక్కడ నీళ్లు తాగినా నా మాటలో ‘అండీ’ పోలేదు, పోగొట్టాలని వర్క్‌షాపులో ఎవరూ ప్రయత్నించనూ లేదు. నేను నోరు తెరిస్తే వాళ్లకు కాలక్షేపం.

మా వర్క్‌షాపులో ప్రతి బండికీ ఒక జాబ్ కార్డు ఉండేది. పైన బండి నంబరు, దాని కింద ‘ఫిర్యాదు’ అని ఒక గడి, ఇంకా కింద ‘చేసిన పని’ అని మరో గడి. డ్రైవరు చెప్పింది విని ఫిర్యాదు గడి నింపే పని నాది. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నాకొక గర్వం ఉండేది. డ్రైవరు వచ్చి “పొద్దుగాల లేస్తలేదన్నా” అంటే నేను ‘బ్యాటరీ బలహీనం’ అని రాసేవాణ్ణి. “గుంజుతలేదు” అంటే ‘ఇంజన్ శక్తి తక్కువ’. “లోపల ఎవడో గొణుగుతున్నట్టు సప్పుడు” అంటే ‘బేరింగ్ శబ్దం’. వాళ్ల ముడి మాటను కడిగి, ఆరేసి, ఇస్త్రీ చేసి గడిలో పెట్టేవాణ్ణి. పైనున్న ఇంజనీర్లు నా కార్డులు చూసి మెచ్చుకునేవారు. డ్రైవర్లను ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నా చోటెప్పుడూ బానెట్ కిందే. సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టేది ఎవరో ఒక డ్రైవరు. “కొట్టండి” అంటే కొట్టేవాడు, “చాలండి” అంటే ఆపేవాడు. ఎయిర్‌పోర్టు లోపల పర్మిట్ ఉన్న డ్రైవరు తప్ప మరొకరు బండి స్టీరింగు ముట్టుకోకూడదని కట్టుదిట్టమైన నిబంధన. అందువల్ల నేను సీట్లోకి ఎక్కడం లేదని అందరూ అనుకునేవారు, నేనూ అలాగే అనుకోనిచ్చేవాణ్ణి.

నేను రిటైర్ కావడానికి ఏడాది ఉందనగా, మా టైర్ల మనిషి ఒకరోజు క్యాంటీన్లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. టైర్లు విప్పడం, బిగించడం అతని పని. పుట్టింది పెరిగింది ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న పాల్మాకులలో. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కోపం వస్తే రెండూ. రంజాన్ నెలలో ఇఫ్తారుకు అతను నన్ను, ఉగాదికి నేనతన్ని పిలుచుకోకుండా గడిచిన ఏడాది లేదు. అతను తన చాయ్ నా వైపు తోసి, “అన్నా, మా ఆపా కారు స్టార్ట్ అయితంది గని నిలుస్తలేదు. నువ్వు జర చూడాలె” అన్నాడు. తన చాయ్ ఇచ్చేశాడంటే విషయం పెద్దదేనని నాకు అర్థమైంది.

ఆపా అంటే అతని పెద్దక్క. అతనికే కాదు, ఆ చుట్టుపక్కల సగం ఊళ్లకు ఆమె ఆపాయే. వాళ్ల నాన్న నగరంలో ఒక పెద్దింట్లో డ్రైవరుగా ఉండేవాడు. ఆ ఇంటివాళ్లు ఊరొదిలి వెళ్లిపోతూ, ఆయన చేతుల్లోనే ముసలిదైన కారును ఆయనకే ఇచ్చేసి వెళ్లారు. ఆయన కూతురికి నడపడం నేర్పాడు. కూతురు తన ఈడు ఆడవాళ్లకు నేర్పడం మొదలుపెట్టింది. బడి పంతులమ్మలు, నర్సులు, ఒక మహిళా కానిస్టేబులు, పెళ్లి కుదిరి అత్తారింటికి పోబోయే పిల్లలు, అందరూ ఆ కారులోనే నేర్చుకున్నారు. అప్పుడు ఎయిర్‌పోర్టు లేదు, ఎర్రమట్టి బయలే. ఇప్పుడు విమానాలు పరిగెత్తే నేల మీద తన శిష్యురాళ్లే ముందుగా ఫస్ట్ గేరు వేశారని, రన్‌వే మొదట తనదేనని ఆమె అందరికీ చెప్పుకునేది. నిజమో కాదో కొలిచి చూసినవాళ్లు లేరు.

కారు పేరు చెప్పను. దాని అభిమానులు ఇంకా ఉన్నారు, నన్ను తప్పుపట్టడానికి వస్తారు. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, బొద్దుగా వెనక భాగం. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడయ్యేది. నాలుగైదు నెలలుగా అది వాకిట్లోనే నిలబడి ఉంది. ఇంతలో దాని కాగితాల గడువు ముగియవచ్చింది. గడువు పొడిగించాలంటే కారును రవాణా ఆఫీసుకు తీసుకెళ్లి, ఇన్‌స్పెక్టరు ముందు నడిపి చూపించాలి. ఆపాకు ఇద్దరు కొడుకులు. వాకిట్లో షెడ్డు వేసుకుందామంటే కారు అడ్డమని వాళ్ల బాధ. తుక్కుకు ఇచ్చేద్దామని ఒకటే పోరు. చివరికి ఆమె వాళ్లకు మాటిచ్చింది. ఆఫీసువాళ్లు పిలిచిన రోజున కారు తన కాళ్ల మీద తాను వెళ్లి పాసై వస్తే వాకిట్లోనే ఉంటుంది. తాడు కట్టి లాగాల్సి వస్తే అటునుంచటే మంఖాల్ దగ్గరి తుక్కు గోదాముకు లాక్కుపోవచ్చు. ఆఫీసువాళ్లు పిలిచింది ఒక సోమవారం. దానికి ముందు నాకున్నవి నాలుగు ఆదివారాలు.

మొదటి ఆదివారం పెట్టె పట్టుకుని పాల్మాకుల వెళ్లాను. అలవాటు కొద్దీ పెట్టెలో ఒక ఖాళీ జాబ్ కార్డు కూడా ఉంది. ఆపా అప్పటికే సీట్లో కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, తలమీద కొంగు, వెన్ను నిటారుగా. నేను బానెట్ ఎత్తి, “ఏమవుతోందండీ?” అని అడిగాను.

“స్టార్ట్ అయితది సాబ్. మంచిగనే అయితది. ఇడిస్తె బంద్ అయితది” అంది ఆమె.

ఇడవడమంటే వదలడమని నాకు తెలుసు. ఆ తెలియడమే నా కొంప ముంచింది. తెలియనివాడైతే ఇంకో ప్రశ్న అడిగి ఉండేవాడు. నేను కార్డు తీసి ఫిర్యాదు గడిలో అందమైన అక్షరాలతో రాశాను: ‘యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ ఆగిపోతోంది. ఐడ్లింగ్ లోపం.’ కింద గీత కూడా గీశాను.

ఆ రోజంతా కార్బురేటర్ విప్పి కడిగాను. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కావాలంటే ఆమె డాష్‌బోర్డు డబ్బా తెరిచింది. అందులో ఎర్ర గుడ్డలో చుట్టిన మూట ఒకటి ఉంది. గుడ్డ ఇవ్వబోయి, విప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా చుట్టి పెట్టేసింది. లోపల ఉన్నది హెడ్‌లైట్ బల్బు. కారులో అదనపు బల్బు లేకుండా గడప దాటకూడదని వాళ్ల నాన్న నియమమట. ఆయన పోయి ఇరవై ఏళ్లైనా బల్బు మాత్రం అక్కడే ఉంది. నేను నా జేబురుమాలుతోనే చేతులు తుడుచుకున్నాను.

సాయంత్రం స్టార్ట్ చేయించాను. ఇంజన్ బుర్రుమని లేచింది, ఒక్క ఊపిరి తీసుకుంది, ఆగిపోయింది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కి ఉంచమన్నాను. తొక్కి ఉంచింది. అయినా ఆగింది. యాక్సిలరేటర్ వదలకపోయినా ఆగిందంటే నా కార్డు తప్పని అప్పుడే తెలియాలి. కానీ కార్డు మీద నా దస్తూరీ ఎంతో నమ్మకంగా కనిపిస్తోంది. లోపం అనుకున్నదానికంటే ముదిరిందని నిర్ణయించుకున్నాను.

రెండో ఆదివారం పెట్రోలు దారి మొత్తం ఊదాను. ట్యాంకు కడిగాను, పంపు విప్పాను. పెట్రోలు రుచి కూడా చూశాను, అదెలా ఉంటుందో మీకు చెప్పను. మూడో ఆదివారం పెట్రోలును వదిలి కరెంటు మీద పడ్డాను. అసలు నా విద్య అదేగా. ప్లగ్గులు మార్చాను, పాయింట్లు మార్చాను, కండెన్సరు మార్చాను. పాత సామాన్ల బజారంతా తిరిగి ఒక కాయిల్ సంపాదించి అదీ మార్చాను. ఆమెను సెల్ఫ్ కొట్టమని ప్లగ్గు తీగ దగ్గర చూస్తే స్పార్కు తెల్లగా, టపటపా వస్తోంది. కరెంటుకు నూటికి నూరు మార్కులు వేశాను. స్టార్ట్ చేయిస్తే మళ్లీ అదే, బుర్రుమని లేచి ఆగిపోయింది.

ప్రతి ఆదివారం నేను బయల్దేరేటప్పుడు ఆపా ఆ ఒక్క మాటే చెప్పేది. ఇడిస్తె బంద్ అయితంది సాబ్ అని. నేను ప్రతిసారీ రాసుకున్నానండీ అనేవాణ్ణి. నిజమే, రాసుకున్నాను మరి. మా టైర్ల మనిషి అక్కడే స్టూలు వేసుకుని కూర్చుని, పాత టైరు ట్యూబుకు ప్యాచీ వేస్తూ మా ఇద్దర్నీ చూసేవాడు. ఆమె పుల్లటి ఖట్టీ దాల్, అన్నం పెట్టకుండా నన్ను ఎప్పుడూ పంపలేదు. ఏ పనీ పూర్తి చేయకుండా తిని పోతున్నానని నాకు ముద్ద మింగుడుపడేది కాదు. మింగకుండా మాత్రం వదల్లేదు, ఆ దాల్ అలాంటిది.

ఆ మూడో ఆదివారమే తుక్కు వ్యాపారి కూడా వచ్చాడు. పెద్దకొడుకు పిలిపించాడు. టేపుతో కారు పొడుగూ వెడల్పూ కొలిచాడు. ఆపా అతనికీ చాయ్ ఇచ్చింది. అతను వెళ్లాక డ్రైవరు సీట్లోకి వెళ్లి తలుపు వేసుకుని, స్టీరింగు మీద చేతులు పెట్టి ఊరకే కూర్చుంది. నేను పనిముట్లు సర్దుకుంటున్నట్టు నటిస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

నాలుగో ఆదివారం ఓటమి ఒప్పుకునే మొహం పెట్టుకుని వెళ్లాను. దారి పొడుగునా మంచి మాటలు కూర్చుకున్నాను. వయసైన కారండీ, మనిషికైనా ఒక రోజు వస్తుంది కదండీ, ఇలాంటివి. ఆమె అన్నీ విన్నది. పాత బట్టతో స్టీరింగు తుడుస్తూ, తల తిప్పకుండానే అడిగింది.

“మొదటి దినం గా కార్డుల ఏందో రాసిన్రు గదా. జర సదువుండ్రి.”

నేను పెట్టెలోంచి కార్డు తీసి చదివాను. యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ ఆగిపోతోంది అని.

“యాక్సిలరేటర్ అని ఎవరన్నరు?”

“మీరే కదండీ. వదిలితే ఆగుతోందని ప్రతి వారం చెప్పారు.”

“ఇడిస్తె అన్న. యాక్సిలరేటర్ అనలే.”

టైర్ల మనిషి చేతిలో ప్యాచీ ఆగింది. మొదటి రోజే అడగవలసిన ప్రశ్నను నేను మూడు ఆదివారాలు ఆలస్యంగా అడిగాను.

“మరి ఏది విడిస్తేనండీ?”

“చాబీ” అంది ఆపా.

తాళంచెవి! ఆ ఒక్క మాటతో నా బుర్రలో ఏదో చప్పుడైంది, కానీ పూర్తిగా వెలగలేదు. ఆమెకు అది తెలిసింది. పంతులమ్మ కదా, శిష్యుడికి ఎక్కడ ఎక్కలేదో మొహం చూసే చెప్పేస్తుంది. కారు దిగి తలుపు తెరిచి పట్టుకుని, నన్ను వచ్చి సీట్లో కూర్చోమంది. నేను కదల్లేదు. బానెట్ దగ్గర నిలబడి నేలచూపులు చూశాను. అప్పుడు మా టైర్ల మనిషి పకపకా నవ్వి, నేను ఇన్నేళ్లు దాచుకున్న గుట్టు విప్పేశాడు.

“ఆపా, అన్నకు కారు నడుపరాదు.”

అదీ సంగతి. స్కూటరు తప్ప నాకేదీ నడపడం రాదు. వందల బండ్ల నరాలు తెలుసు గానీ, ఒక్క బండి క్లచ్చు తెలియదు. నిబంధన చాటున ఉద్యోగం గడిపేశాను. ఆపా నన్ను పైనుంచి కిందికి చూసింది. నవ్వుతుందని భయపడ్డాను. నవ్వలేదు.

“గట్లనా? అయితే ఇయ్యాల మొదటి క్లాసు. రాండ్రి, కూసోండ్రి” అంది.

కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసింది. చాబీ తిప్పమంది, తను చెప్పేదాకా విడవొద్దంది. తిప్పాను. ఇంజన్ లేచింది. నేను చాబీ అలాగే బిగబట్టి ఉంచాను. ఇంజన్ నడుస్తోంది! సెల్ఫ్ మోటారు మాత్రం తోక తొక్కిన కుక్కలా ఒకటే ఏడుపు. ఆ ఏడుపు వెనకాల ఇంజను నిమ్మళంగా, నిండుగా తిరుగుతోంది. ఆమె వేలు ఎత్తి “ఇగ ఇడువుండ్రి” అంది. విడిచాను. చాబీ ఒక మెట్టు వెనక్కి వచ్చింది, ఇంజన్ ఠక్కున ఆగింది. అంతా నా వేళ్లలోనే జరిగింది. బానెట్ కింద నిలబడి ఇంకో వంద ఆదివారాలు చూసినా అది కనబడేది కాదు.

మరి ఆమె ముందే అలా పట్టి చూపించలేదేమంటే, స్టార్ట్ అయ్యాక చాబీ పట్టుకుని ఉండకూడదని, సెల్ఫ్ కాలుతుందని వాళ్ల నాన్న నేర్పిన మొదటి పాఠం అదేనట. తన శిష్యురాళ్లందరికీ ఆమె నేర్పిన మొదటి పాఠమూ అదే. చలికాలంలో ఒక పొద్దున వేళ్లు కొంకర్లు పోయి ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకుందట. అప్పుడే ఆమెకు జబ్బు తెలిసిపోయింది. జబ్బు పేరు తెలియదు, అంతే. పేరు తెలిసినవాణ్ణి పిలిపించుకుంది. వాడు నేను.

ఇప్పుడు జబ్బు చెబుతాను, రెండు ముక్కల్లో. ఇలాంటి పాత కార్లలో కాయిల్‌కు కరెంటు రెండు దారుల్లో వస్తుంది. చాబీని చివరిదాకా తిప్పి పట్టుకున్నంతసేపు సూటిగా, పూర్తి బలంతో. చాబీ విడిచాక ఇంకో దారిలో, ఒక తెల్లటి పింగాణీ దిమ్మ గుండా, కాస్త నెమ్మదించి. దాన్ని బాలస్ట్ రెసిస్టర్ అంటారు. కాయిల్ కాలిపోకుండా అది కరెంటుకు కళ్లెం వేస్తుంది. ఆ దిమ్మలోని తీగ తెగిందంటే, స్టార్ట్ చేసే దారి బాగానే ఉంటుంది, నడిచే దారి మూసుకుపోతుంది. నేను స్పార్కు చూసిందల్లా ఆమె సెల్ఫ్ కొడుతున్నప్పుడే కదా! రెండో దారిని నేను ఒక్కసారీ పరీక్షించలేదు. దిమ్మ కాయిల్ వెనకే ఉంది, మట్టీ, నూనె జిడ్డూ పట్టి నల్లగా. కాయిల్ మార్చిన రోజు దాని తీగలు నా చేత్తోనే తుడిచాను. ఇప్పుడు టెస్టు దీపం పెట్టి చూస్తే ఇటువైపు కరెంటు ఉంది, అటువైపు లేదు. ఆమె చెప్పింది ఒకటి, నేను రాసింది ఒకటి. మూడు ఆదివారాలు నేను ఆ కారును కాదు, నా రాతను రిపేరు చేశాను.

తెల్లారితే సోమవారం. ఆదివారం పూట ఆ దిమ్మ ఎక్కడా దొరకదు. టైర్ల మనిషి లేచి, “ఏముందన్నా, డైరెక్ట్ చేసెయ్” అన్నాడు. మన మెకానిక్కుల సర్వరోగ నివారిణి అది. ఏది పోయినా దాన్ని తప్పించి తీగను డైరెక్ట్ చేసెయ్. చేస్తే ఇంజన్ నడుస్తుంది, నిజమే. కానీ కళ్లెం లేని కరెంటుకు కాయిల్ కాగుతుంది. రవాణా ఆఫీసు దాకా ప్రయాణం, అక్కడ వరుసలో ఎండలో నిలబడటం. కాయిల్ ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలియదు. దారిలో ఆగితే తాడు కట్టాల్సిందే, తాడు కడితే మాట పోయినట్టే. వద్దన్నాను.

అప్పుడు నాకు ఎర్ర గుడ్డ గుర్తొచ్చింది.

హెడ్‌లైట్ బల్బు కూడా ఒక కళ్లెమే. దాని లోపలి రెండు తీగలూ పనిచేసేలా కలిపి దారిలో పెడితే, ఆ దిమ్మ చేసే పని ఇంచుమించు అదీ చేస్తుంది. ఆపాను అడగడానికి నాకు నోరు రాలేదు. నాన్న పెట్టిన బల్బు కదా. విషయం మాత్రం చెప్పాను. ఆమె డబ్బా తెరిచి మూట నా చేతిలో పెట్టింది. “అవసరానికే గద పెట్టిండు మా అబ్బా” అంది. పెట్రోలు గొట్టానికి దూరంగా, కదలకుండా ఒక రేకు పట్టీకి బల్బు బిగించి తీగలు కలిపాను. ఆమె సీట్లోకి ఎక్కింది. సెల్ఫ్ కొట్టింది, ఇంజన్ లేచింది. ముప్ఫై మూడేళ్లలో మొదటిసారి నా నోటివెంట ఆ మాట ఆ యాసలోనే వచ్చింది.

“ఇడువుండ్రి ఆపా!”

విడిచింది. సరిగ్గా అప్పుడే నెత్తిమీద విమానం ఒకటి దిగుతూ వచ్చింది. ఆ హోరులో ఇంజన్ నడుస్తోందో ఆగిందో వినబడలేదు. టైర్ల మనిషీ నేనూ బానెట్ కిందికే చూశాం. బల్బు పచ్చగా, సన్నగా వణుకుతూ వెలుగుతోంది. ఇంజన్ తిరుగుతుంటేనే అలా వణుకుతుంది. విమానం వెళ్లిపోయాక ఇంజన్ చప్పుడు మెల్లగా పైకి తేలింది. టైర్ల మనిషి స్టూలు మీద కూలబడి, అక్కకు కనబడకుండా కళ్లు తుడుచుకున్నాడు. నాకు కనబడింది. నావి నేను తుడుచుకోలేదు, చేతులకు గ్రీజు ఉంది.

సోమవారం నేను సెలవు పెట్టాను. ఆపా నడిపింది, ముందు సీట్లో పెద్దకొడుకు, వెనక మేమిద్దరం. కొడుకు ఒళ్లో తాడు చుట్ట ఉంది, ఎందుకైనా మంచిదని తెచ్చాడు. శంషాబాద్ కూడలిలో సిగ్నల్ పడినప్పుడల్లా మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆమె మాత్రం పక్క బండ్లవాళ్లకు ఇండికేటరు ఎలా వేయాలో చెబుతూ నడిపింది.

ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. బ్రేకులు చూశాడు, దీపాలు చూశాడు, హారన్ కొట్టించాడు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. అయ్యింది. ఆవరణలో ఒక చుట్టు తిప్పించాడు. తిప్పింది. ఇక అయిపోయిందనుకుంటుండగా, ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తమన్నాడు. ఎత్తగానే లోపల వెలుగుతున్న దీపం చూసి ఆగిపోయాడు. ఇదేమిటని అడిగాడు. నేను గొంతు సవరించుకుని రెండు దారుల ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. ఆపా నాకంటే ముందే చెప్పేసింది.

“ఇడిసినంక గీ బల్బుతోనే నడుస్తది సార్. ఇది లేకుంటె, ఇడిస్తె బంద్ అయితది.”

ఆ కుర్రవాడు ఆమె వైపు తిరిగి, మామూలుగా అడిగాడు.

“ఏది ఇడిస్తె అమ్మా?”

మా టైర్ల మనిషి నవ్వు ఆపుకోలేక కారు వెనక్కి పరిగెత్తాడు. నేను అక్కడే నిలబడి ఆకాశం చూశాను. మూడు ఆదివారాల్లో నాకు తట్టని ప్రశ్న ఆ అబ్బాయి ఒక్క క్షణంలో అడిగేశాడు. చాబీ అని ఆమె చెప్పింది. అతను బల్బునూ తీగలనూ వంగి చూశాడు, బిగింపు కదిపి చూశాడు. అసలు దిమ్మ దొరకగానే వేయించుకోవాలని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాడు. తిరుగు ప్రయాణంలో పెద్దకొడుకు తాడు చుట్టను కాళ్ల కిందికి తోసేశాడు. షెడ్డు ఇంటి వెనకాల వేసుకుంటామని తనే అన్నాడు.

పది రోజులకు పింగాణీ దిమ్మ దొరికింది. అది బిగించి, బల్బు తీసి, తుడిచి, ఎర్ర గుడ్డలో చుట్టి ఆపా చేతికిచ్చాను. మళ్లీ డబ్బాలోకి వెళ్లింది.

వర్క్‌షాపులో మిగిలిన ఏడాదీ నేను ఫిర్యాదు గడిలో డ్రైవరు అన్న మాటను అన్నట్టే రాశాను. ‘లోపల ఎవడో గొణుగుతున్నట్టు సప్పుడు’ అనే రాశాను. పక్కనే ‘ఎక్కడ? ఎప్పుడు? ఏది?’ అని అడిగి జవాబులు కూడా రాశాను. పైనున్న ఇంజనీరు ఒకాయన పిలిచి, వయసు మీదపడి నా భాష పాడైపోయిందన్నాడు. బాగుపడిందండీ అన్నాను.

రిటైరైన రోజు శాలువా, పూలదండ అయ్యాక మా టైర్ల మనిషి నాకొక జాబ్ కార్డు ఇచ్చాడు. బండి నంబరు దగ్గర ‘మా అన్న’ అని ఉంది. ఫిర్యాదు గడిలో అతని వంకర అక్షరాలు: ‘ముప్పై నాలుగేండ్లు మంచిగ నడిచిండు. ఇయ్యాల ఇడిస్తున్నరు. ఇడిస్తె బంద్ అయితడేమో అని ఆపా పరేషాన్.’ చేసిన పని గడి మాత్రం ఖాళీగా వదిలాడు. అది నేను నింపుకోవాలట. అందరి ముందూ నవ్వాను గానీ, ఇంటికెళ్లి దాన్ని చాలాసార్లు చదువుకున్నాను. ఆమె భయం నాకూ ఉందని అప్పుడే తెలిసింది.

ఆ గడి ఇప్పుడు నిండుతోంది. ప్రతి ఆదివారం పాల్మాకుల వెళ్తున్నాను, ఈసారి పనిముట్ల పెట్టె లేకుండా. మీగడ రంగు కారులో డ్రైవరు సీట్లో నేను, పక్కన ఆపా. ఆమె శిష్యుల్లో మొదటి మగవాణ్ణి, బహుశా అందరికంటే మొద్దును కూడా. చాబీ తిప్పుతాను, ఇంజన్ లేస్తుంది, చాబీ విడుస్తాను, ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. అంతవరకు నాకు బాగా వచ్చు. ఆ తర్వాత ఫస్ట్ గేరు వేసి, క్లచ్చు మీదొకటి, బ్రేకు మీదొకటి, రెండు పాదాలూ బిగబట్టుకుని కూర్చుంటాను. ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తూ, తొందరేమీ లేనట్టు అంటుంది.

“ఇగ ఇడువుండ్రి సాబ్, మెల్లగ.”

“ఏదండీ?” అని అడిగి, ఆమె చెప్పాకే విడుస్తాను.